భిక్షావృత్తి, అపరిగ్రహం: తరచుగా అడిగే ప్రశ్నలు

భిక్ష మీద బతుకుతూ అపరిగ్రహం, అంటే ఏదీ సొంతంగా ఉంచుకోకపోవడం, పాటించే సన్యాసులు, భిక్షువులు, మునులు, ఫకీర్లు ఏ నియమాలు పాటిస్తారో, వాళ్లకు పెట్టేవాళ్లు ఏం తెలుసుకోవాలో ఇక్కడ ఉంది. సంప్రదాయాలు వేరైనా మూడు జాగ్రత్తలు అన్నిచోట్లా ఎదురవుతాయి. తీసుకునేవాడు ఎంచుకోకూడదు, దాచుకోకూడదు, పెట్టేవాడికి భారం కాకూడదు. వింతగా కనిపించే నియమాన్ని ఈ మూడింటిలో ఒకదానితో కలిపి చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

భిక్ష, బిచ్చం ఒకటే కదా?

మాట ఒకటే. బిచ్చం భిక్షకు వికృతి. పద్ధతి మాత్రం వేరు. మనుస్మృతి నాలుగో అధ్యాయం గృహస్థు జీవనోపాయాలను వర్గీకరిస్తూ, పొలంలో రాలిన గింజలు ఏరుకు బతకడాన్ని ఋతమనీ, అడక్కుండా దొరికినదాన్ని అమృతమనీ, అడిగి తెచ్చుకున్నదాన్ని మృతమనీ అంది. నోరు తెరిచి అడిగినదానికి చచ్చినది అని పేరు పెట్టారంటే అడగడాన్ని ఎంత తక్కువగా చూశారో తెలుస్తుంది.

సన్యాసికి భిక్షాటన విధించిన ఆరో అధ్యాయం కూడా దానికి గట్టి హద్దులు పెట్టింది. ఉత్పాతాలు, శకునాలు, నక్షత్రాలు, హస్తరేఖలు చెప్పి భిక్ష సంపాదించకూడదు. సలహాలిచ్చి, వాదాలు చేసి కూడా సంపాదించకూడదు. బౌద్ధ భిక్షువు ఇంటి ముందు మౌనంగా నిలబడాలి. జబ్బు లేకుండా నెయ్యి, తేనె, చేప, మాంసం, పాలు, పెరుగు లాంటివి తన కోసం అడిగి తెచ్చుకుని తింటే దోషం. ఏదో ఒకటి ఇచ్చి బదులుగా తీసుకుంటే అది వ్యాపారం, ఫలానాది కావాలంటే అది కోరిక. భిక్ష ఈ రెండూ కాకుండా నిలబడాలి.

మాధుకరం అంటే ఏమిటి?

తేనెటీగ పువ్వును నలపకుండా కొద్దికొద్దిగా తేనె తీసుకున్నట్టు ఒక్కో ఇంట కొంచెం తీసుకోవడం. బౌద్ధ, జైన గ్రంథాల్లోనూ ఇదే పోలిక ఉంది. ధర్మశాస్త్రాల ప్రకారం మూడు, ఐదు లేదా ఏడు ఇళ్లు. ఏ ఇళ్లకు వెళ్లాలో ముందుగా అనుకోకూడదు. బాగా పెట్టే ఇల్లు మనసులో పెట్టుకుని బయల్దేరితే మాధుకరం అక్కడే చెడిపోయింది.

వేళకు మనుస్మృతి ఐదు గుర్తులు చెప్పింది: వంటింటి పొగ ఆగాలి, రోకటి చప్పుడు ఆగాలి, నిప్పు చల్లారాలి, ఇంటివాళ్లు తినేయాలి, ఎంగిలి విస్తళ్లు తీసేసి ఉండాలి. అంటే ఆ ఇంట్లో అందరి కడుపూ నిండాక మిగిలినదే సన్యాసికి. అతని కోసం పొయ్యి మళ్లీ వెలిగించే పని ఉండదు, ఎవరి ముద్దా తగ్గదు. గుమ్మం ముందు ఎంతసేపు నిలబడాలంటే, ఆవు పాలు పితికేంత సేపు అని ధర్మసూత్రకారుడు బౌధాయనుడు కొలత చెప్పాడు. ఆ లోపు ఎవరూ రాకపోతే ముందుకు కదలాలి. ఏమీ దొరకకపోతే బాధ పడకూడదు, దొరికితే పొంగిపోకూడదు.

యతిధర్మ గ్రంథాల్లో ఇంకో నాలుగు రకాల భిక్షలున్నాయి. నిద్ర లేవకముందే భక్తులు వచ్చి పిలిస్తే ప్రాక్ప్రణీతం, బయల్దేరే ముందు పిలిస్తే అయాచితం, వెళ్లాక అక్కడికక్కడ పిలిస్తే తాత్కాలికం, వండినది మఠానికే తెచ్చి పెడితే ఉపపన్నం. నేటి మఠాల్లో పీఠాధిపతులకు పాదపూజతో జరిగే భిక్షావందనం మాధుకరం కిందికి రాదు. అది ముందుగా పిలిచి, వారి కోసమే వండి పెట్టే భిక్ష. రెండింటినీ ఒకటిగా చూస్తే ఈ నియమాలేవీ అర్థం కావు.

సన్యాసికి భిక్ష పెట్టే విధానం ఏమిటి?

ముందు చేతిలో నీళ్లు, తర్వాత అన్నం, మళ్లీ నీళ్లు. అలా పెట్టిన అన్నం మేరువంత, ఆ నీళ్లు సముద్రమంత అని పరాశర స్మృతి. యతి పాత్ర సొరకాయ బుర్ర, కర్ర, మట్టి లేదా వెదురుది కావాలి. లోహపు పాత్ర పనికిరాదు. ఎవరూ దొంగిలించాలనుకోని పాత్ర కావాలన్నది అందులో కనిపించే తెలివి.

ఎన్నిసార్లు తినాలి? ఎంత తినాలి?

యతికి రోజుకు ఒక్కపూటే. కబళాల లెక్క ఆపస్తంబ ధర్మసూత్రంలో ఉంది: మునికి 8, వానప్రస్థుడికి 16, గృహస్థుకి 32, బ్రహ్మచారికి లెక్క లేదు. ఎదిగే వయసు కాబట్టి అతన్ని వదిలేశారు. జైనులు పురుషుడికి 32 కబళాలు, స్త్రీకి 28 నిండు భోజనమని చెప్పి, అంతకంటే ఒక్కటైనా తగ్గించి తినడాన్ని ఊనోదరి అనే తపస్సుగా లెక్కిస్తారు. అక్కడ కబళం కొలత కోడిగుడ్డంత.

ఉపనయనంలో వటువు చేత భిక్ష ఎందుకు అడిగిస్తారు?

గురుకులంలో అతని తిండి అదే కాబట్టి. తొలి భిక్ష తల్లినో, అక్కచెల్లెళ్లనో, పినతల్లినో, కాదనని మరొకరినో అడగమని మనుస్మృతి చెప్పింది. మొదటి రోజే పిల్లవాడికి లేదు అన్న మాట ఎదురు కాకూడదని. "భవతి భిక్షాం దేహి" అని ఇక్కడ పిల్లవాడు నోరు తెరిచి అడుగుతాడు. యతి భిక్షకు, బ్రహ్మచారి భిక్షకు ఉన్న తేడాల్లో ఇదొకటి. బీద విద్యార్థులు వారానికి ఏడిళ్లు కుదుర్చుకుని, రోజుకొక ఇంట తిని చదువుకున్న వారాల పద్ధతి ఈ బ్రహ్మచారి భిక్షకు దగ్గరి చుట్టమే.

బౌద్ధ భిక్షువు పాత్రకు అన్ని నియమాలెందుకు?

అతని వంటిల్లు, గిన్నె, కంచం, ధాన్యపు గాదె అన్నీ అదొక్కటే కాబట్టి. భిక్షువుల నడవడికి పెట్టిన వినయ నియమాల ప్రకారం పాత్ర ఇనుముది లేదా మట్టిది మాత్రమే. బంగారం, వెండి, కంచు, గాజు, కర్ర నిషేధం. తుప్పు పట్టకుండా ఇనుప పాత్రను ఐదుసార్లు, మట్టిదాన్ని రెండుసార్లు కాల్చాలని వ్యాఖ్యానాలు చెబుతాయి. అదనపు పాత్ర వస్తే పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. ఉన్న పాత్రకు ఐదు అతుకులు పడకముందే కొత్తది అడిగి తెచ్చుకుంటే అపరాధం. అలా తెచ్చిన పాత్రను సంఘం ముందు వదులుకోవాలి. అది పెద్దల నుంచి చిన్నల దాకా చేతులు మారుతుంది, ఎవరికీ అక్కర్లేక చివరికి మిగిలిన పాత్ర ఆ తప్పు చేసినవాడికి దక్కుతుంది. అంత చక్కని శిక్ష మరో చోట చూడం.

వాడకం నియమాలు మరీ దగ్గరగా చూసి రాసినవి. తడి పాత్రను లోపల పెట్టకూడదు, ఎండలో ఎక్కువసేపు ఉంచకూడదు. అరుగు అంచున పెట్టకూడదు, కొక్కేనికి తగిలించకూడదు. చేతిలో పాత్ర ఉండగా తలుపు తెరవకూడదు. ఎముకలు, తొక్కలు అందులో వేయకూడదు. పాత్ర పగిలితే మరుసటి రోజు తిండికి ఆధారం లేదు. కొత్తది ఇవ్వాల్సింది గృహస్థులే కనుక ఒకడి అజాగ్రత్త ఊరి మీద భారమవుతుంది.

భిక్ష తీసుకునేటప్పుడు చూపు పాత్ర మీదే ఉండాలి. అన్నానికి తగినంతే కూర తీసుకోవాలి. అంచు దాటి గోపురంలా నింపుకోకూడదు.

భిక్షువుకు ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి?

తెల్లవారాక, నడిమధ్యాహ్నం లోపు. ఆ తర్వాత భోజనం తీసుకోరు. థాయ్‌లాండ్‌లో అరచేతి గీతలు కనిపించేంత వెలుగు వచ్చాకే పాత్ర పట్టుకుని బయల్దేరతారు. చెప్పులు లేకుండా వరుసగా నడుస్తారు. పెట్టేవాళ్లు కూడా చెప్పులు విప్పుతారు.

పెట్టేవాడు రెండున్నర మూరల దూరం లోపు ఉండి, చేతితో అందించాలి. బల్ల మీద పెట్టి "తీసుకోండి స్వామీ" అంటే సరిపోదు. అందించని ఆహారాన్ని భిక్షువు నోట పెట్టుకోకూడదు. దీనికి మినహాయింపు మంచినీళ్లు, పళ్లు తోముకునే పుల్ల. మొలకెత్తే గింజ ఉన్న పండైతే గృహస్థు దాన్ని కత్తితోనో గోటితోనో ఒకసారి గాటు పెట్టి "కప్పియం భంతే" (ఇది తగినదే స్వామీ) అనాలి. విత్తనాన్ని పాడుచేసిన దోషం భిక్షువుకు అంటకుండా ఈ ఏర్పాటు.

ఆరోజు అందుకున్నది మర్నాటికి దాచుకుని తినకూడదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మాత్రం మందుగా ఏడు రోజుల దాకా ఉంచుకోవచ్చు. కాబట్టి పాడవని వస్తువులు సంచులకొద్దీ ఇచ్చే ఉత్సాహం భిక్షువును ఇబ్బందిలో పెడుతుంది. ఇంటికి పిలిచి పిండివంటలు పెట్టినా రెండు మూడు పాత్రలకు మించి పట్టుకెళ్లకూడదు, తెచ్చినవి తోటివారితో పంచుకోవాలి.

ఆయన కృతజ్ఞతలు చెప్పడు. దాన్ని మర్యాద లేకపోవడం అనుకోవద్దు. తనకొక్కడికి చేసిన ఉపకారంగా ఆయన దాన్ని తీసుకోడు. చాలాచోట్ల దాత పుణ్యాన్ని మెచ్చుకునే అనుమోదన గాథ చదివి ముందుకు సాగుతాడు. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో ఉదయపు భిక్ష చూడడానికి వచ్చేవాళ్లు ముఖాల మీద ఫ్లాష్ వేసి ఫోటోలు తీయడం పెద్ద బాధ అయింది. మోకాళ్ల మీద కూర్చుని అన్నం పెడుతున్న మనిషికి అది పూజ. దూరంగా నిలబడి చూడండి.

పాత్రలో మాంసం వేస్తే తింటారా?

శ్రీలంక, థాయ్‌లాండ్, బర్మాల్లోని థేరవాద శాఖ భిక్షువు తన కోసం చంపినట్టు చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే తినవచ్చు. వేసినదాన్ని ఎంచడం ఎంపిక కిందికి వస్తుంది. చైనా సంప్రదాయంలో శాకాహారమే.

ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు వండుకుని తినవచ్చు కదా?

భిక్షువుకు నేల తవ్వడం, మొక్కను తెంచడం, తనకు తాను వండుకోవడం మూడూ నిషేధం. ఫలితంగా రోజూ గ్రామంలోకి రాక తప్పదు. అడవిలో ఒంటరిగా ఉన్నా రోజుకొకసారి మనుషుల కళ్లముందు నడవాలి, నడత చెడితే ఆ పూటే వాళ్లకు తెలుస్తుంది. ఈ ఆధారపడటం కావాలని పెట్టుకున్నదని మేం అనుకుంటాం.

అయినా ఈ ప్రశ్న సంప్రదాయాల లోపలి నుంచే వచ్చింది. చైనాలో ధ్యానానికి పేరైన చాన్ శాఖ బౌద్ధులు పొలం పనిని సాధనలో భాగం చేసుకున్నారు. పని చేయని రోజు తిండి లేదన్న మాట చాన్ గురువు బైజాంగ్ పేరున నిలిచింది. గురు నానక్ గురువులమనీ పీర్లమనీ చెప్పుకుంటూ భిక్షకు వెళ్లేవాళ్ల కాళ్లకు మొక్కవద్దని, కష్టపడి తిని అందులో కొంత ఇచ్చేవాడే దారి తెలిసినవాడని చెప్పారు. 12వ శతాబ్దపు కన్నడ వీరశైవ భక్తులైన శివశరణులు కాయకమే (చేసే పనే) కైలాసమన్నారు, ఆ పరంపరలోనే సంచార గురువులైన జంగముల భిక్ష కూడా సాగింది. ఈ వాదన తేలలేదు. తేలాలని కూడా లేదు.

జైన సాధువు వచ్చి, ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయారు. మా తప్పేమిటి?

తప్పు కాకపోవచ్చు. శ్వేతాంబర సాధువుల భిక్షను గోచరి అంటారు. ఆవు గడ్డిని వేళ్లతో పెకలించకుండా అక్కడక్కడా మేసినట్టు. భిక్ష పుట్టుకలో 16, సంపాదనలో 16, స్వీకరణలో 10, మొత్తం 42 దోషాలు చూసుకుని తీసుకుంటారు. ఎక్కువగా అడ్డుపడేవి ఇవి:

వాళ్లు వస్తున్నారని తెలిసి వండితే అది వాళ్ల కోసం చేసిన వంట, పనికిరాదు. రాగానే దీపం వేసినా, పొయ్యి వెలిగించినా అగ్నిజీవులకు హింస. కాచని నీళ్లతో చెయ్యి కడిగి వడ్డించబోయినా, పచ్చి కూరగాయలు, గింజలు తగులుతున్న గిన్నె తీసినా, పాలు తాగుతున్న బిడ్డను పక్కన పెట్టి లేచినా వెనక్కి తిరుగుతారు. ఆఖరిది చూడండి. బిడ్డ ఏడిస్తే ఆ ఏడుపు భిక్షకు ఖరీదు అవుతుంది. అందుకే హడావుడి పడకుండా, ఇంట్లో వండి ఉన్నది ఉన్నట్టు చూపించడమే మంచిది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బలవంతపెట్టవద్దు. సూర్యాస్తమయం తర్వాత తినరు, రాత్రికి ఏదీ నిల్వ ఉంచుకోరు.

దిగంబర ముని ఆహారం ఎలా జరుగుతుంది?

ఆయనకు పాత్రే ఉండదు. నెమలి పింఛం, కమండలం తప్ప చేతిలో ఏమీ ఉండదు. కుడిచేతి వేళ్లు ముడిచి భుజానికి ఆనించి ఉదయం బయల్దేరతారు. మనసులో ఒక నియమం పెట్టుకుంటారు: ఫలానా వస్తువు పట్టుకుని దంపతులు ఎదురైతేనే ఆగుతాను అని. అది ఎవరికీ చెప్పరు. కుదరకపోతే ఆ రోజు ఉపవాసమే.

గృహస్థులు గుమ్మం ముందు నిలబడి "నమోస్తు, అత్ర తిష్ఠ తిష్ఠ" అని ఆహ్వానిస్తారు. ఆగితే తొమ్మిది రకాల భక్తి చేయాలి: ఎదుర్కోలు, ఎత్తైన ఆసనం, కాళ్లు కడగడం, పూజ, నమస్కారం, ఆపై మనసు, మాట, శరీరం, ఆహారం శుద్ధమని నోటితో చెప్పడం. ముని నిలబడి, రెండు చేతులు దోసిలిగా కలుపుతారు. అందులో ఒక్కో ముద్దా వేస్తుంటే కళ్లతో, వేళ్లతో పరీక్షించి తింటారు. నీళ్లు కూడా ఆ దోసిట్లోనే, ఆ ఒక్కసారే.

ముద్దలో వెంట్రుకో, చచ్చిన పురుగో కనిపిస్తే అంతరాయం. దోసిలి విడిపోయి ముద్ద కింద పడినా అంతే. మొదటి ముద్దలోనే జరిగినా సరే చేతులు కడిగి కూర్చుంటారు, మళ్లీ నీటిచుక్క మర్నాడే. నడి వేసవిలో దీని అర్థం ఏమిటో ఊహించండి. అందుకే వడ్డించేవాళ్లు ప్రతి పదార్థాన్నీ వెలుగులో పళ్లెంలో పరిచి, విడదీసి చూశాకే పెడతారు. పప్పు, ఆకుకూరలో ఎక్కువ జాగ్రత్త కావాలి. తలకు గుడ్డ కట్టుకోవడం చిన్న పనే, ఒక రోజు ఉపవాసాన్ని తప్పిస్తుంది.

డబ్బు ముట్టకుండా ఎలా నడుస్తుంది?

కష్టంగానే నడుస్తుంది. ఎక్కువ చర్చలు ఇక్కడే జరిగాయి. బౌద్ధ భిక్షువు బంగారం, వెండి, నాణెం తీసుకోకూడదు, తన పేర దాచిపెట్టించుకోకూడదు. చీవరానికి, అంటే కట్టుకునే వస్త్రానికి, ఎవరైనా డబ్బు పంపితే, భిక్షువు సేవకుడైన గృహస్థును చూపించవచ్చు. తర్వాత ఆ సేవకుడికి మూడుసార్లు నోటితో గుర్తుచేయవచ్చు, ఆరుసార్లు దాకా మౌనంగా వెళ్లి నిలబడవచ్చు. అప్పటికీ రాకపోతే ఊరుకుని, "నీ సొమ్ము నువ్వు చూసుకో" అని దాతకు కబురు చేయాలి. ఆ పైన పట్టుబట్టి తెచ్చుకుంటే ఆ వస్త్రం వదులుకోవాల్సిందే.

ఐరోపాలో క్రైస్తవ సాధువు అసీసీ ఫ్రాన్సిస్ స్థాపించిన సంఘంలోని సోదరులది (సంఘ సభ్యులను అలా పిలుస్తారు) ఇంకా పెద్ద కథ. 1223 నియమావళి నాణేలను స్వయంగా గానీ మరొకరి ద్వారా గానీ తీసుకోవద్దంది. పని చేయాలి, కూలి దొరకకపోతే ఇంటింటికీ భిక్షకు వెళ్లాలి అన్నది ఫ్రాన్సిస్ మరణశాసనంలోని మాట. 1226లో ఆయన పోయాక సంఘం పెరిగింది, ఇళ్లు, పుస్తకాలు వచ్చాయి. 1230లో పోప్ తొమ్మిదో గ్రెగరీ దాతల తరఫున డబ్బు పట్టుకునే మధ్యవర్తిని అనుమతించాడు. 1245లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ ఆస్తి అంతా రోమ్‌లోని పోప్ పీఠానిదనీ, సోదరులది వాడకం మాత్రమేననీ తేల్చాడు. తర్వాతి పోప్ ఇరవై రెండో జాన్ దీన్ని ఒప్పుకోలేదు. తినే రొట్టెలో వాడకం వేరు, యాజమాన్యం వేరు ఎలా అవుతాయన్నది ఆయన ప్రశ్న. 1317లో ధాన్యపు కొట్లు, నేలమాళిగలు పెట్టుకోవడం పెద్దల నిర్ణయానికి వదలాలన్నాడు. లొంగని నలుగురు సోదరులను 1318లో మార్సెయ్‌లో కాల్చి చంపారు. క్రీస్తుకూ, శిష్యులకూ ఏ ఆస్తీ లేదనడం మతద్రోహమని 1323లో ప్రకటించారు. గాదె ఉండాలా వద్దా అన్న దగ్గర మొదలైన మాట ఇంత దూరం వెళ్లింది.

సూఫీ ఫకీర్లు అడుగుతారా?

ఇస్లాం సాధారణంగా అడుక్కోవడాన్ని మెచ్చదు. ఫకీరు అన్న మాటకు మూలమైన ఫక్ర్ అంటే దేవుడి ముందు లేమి. చిష్తీ అనే సూఫీ పరంపరవాళ్లు అడగకుండా వచ్చేదాన్ని, ఫుతూహ్‌ను, తీసుకుని వెంటనే ఖర్చు చేసేవారు. జాగీర్లు, జీతాలు వద్దనేవారు. ఢిల్లీలో చిష్తీ గురువు నిజాముద్దీన్ ఔలియా తన ఖాన్‌ఖా (సూఫీ ఆశ్రమం) గిడ్డంగిని శుక్రవారం నాటికి ఖాళీ చేయించేవారు. అదే పరంపరలోని హమీదుద్దీన్ నాగౌరీ చిన్న చెక్క నేల దున్నుకుని బతికారు. పాత్ర పట్టుకు తిరిగింది ఎక్కువగా కలందర్ల లాంటి సంచార ఫకీర్లు.

ఉంఛవృత్తి, హరిదాసు భిక్ష ఒకటేనా?

ఉంఛం అంటే కోత అయ్యాక నేల మీద మిగిలిన గింజలు ఏరుకోవడం. తర్వాత కీర్తనలు పాడుతూ వీధిలో బియ్యం స్వీకరించడానికీ ఆ పేరు వచ్చింది. త్యాగరాజు (1767–1847) తిరువయ్యారులో ఇలాగే బతికారు. ధనుర్మాసంలో వచ్చే హరిదాసు తల మీద అక్షయపాత్ర, చేతుల్లో తంబుర, చిరతలు ఉంటాయి. హరినామం తప్ప మాట్లాడడు, ఇల్లు చేరేదాకా పాత్ర కిందికి దించడు. పిల్లలు బియ్యం పోయడానికి వస్తే తానే వంగుతాడు. పాత్రలోనే పోయాలి, కింద పెట్టమని అడగకూడదు.

భిక్షను తిరస్కరించే హక్కు తీసుకునేవాడికి ఉందా?

ఉంది. సంఘానికి హాని తలపెట్టడం, భిక్షువులను తిట్టడం, బుద్ధ ధర్మ సంఘాలను నిందించడం లాంటి ఎనిమిది కారణాల్లో దేనికైనా సంఘం ఒక గృహస్థు మీద పాత్ర బోర్లించవచ్చు. ఆ ఇంటి భిక్ష ఎవరూ తీసుకోరు. అతను తప్పు దిద్దుకుని వస్తే మళ్లీ వెల్లకిల పెడతారు. 2007 సెప్టెంబరులో బర్మా భిక్షువులు సైనిక పాలకుల మీద పాత్రలు బోర్లించారు. పుణ్యం దారి మూసుకుపోవడం అక్కడ మామూలు విషయం కాదు.

సన్యాసం తీసుకుంటే ఆస్తి ఏమవుతుంది?

హిందూ న్యాయం దీన్ని లౌకిక మరణంగా చూస్తుంది. తనకు తానే పెట్టుకునే ఆత్మశ్రాద్ధం, విరజా హోమం, అన్నీ వదిలేశానని పలికే ప్రైషోచ్చారణ జరిగి ఉండాలి. అప్పుడు కుటుంబ ఆస్తి మీద హక్కు పోతుంది. కాషాయం కట్టి ఊరు వదిలినంత మాత్రాన పోదు. వివాదం వస్తే క్రతువు జరిగిందని రుజువు చూపాలి.

వానాకాలంలో భిక్షాటన ఉంటుందా?

ఉంటుంది, ఊరూరా తిరగడమే ఉండదు. యతులు వ్యాసపూర్ణిమ నుంచి ఒకేచోట ఉండే చాతుర్మాస్యం (నాలుగు నెలల వ్రతం) పాటిస్తారు. పక్షాన్ని మాసంగా లెక్కించి భాద్రపద పూర్ణిమకే ముగించేవాళ్లు ఎక్కువ. బౌద్ధులకు వర్షావాసం మూడు నెలలు, జైనులకు నాలుగు.

గుమ్మం ముందున్న మనిషి నిజంగా భిక్షావ్రతంలో ఉన్నాడో లేదో ఎలా తెలుస్తుంది?

జాతకం చెప్తానన్నా, ఇంతని మొత్తం చెప్పినా, ఇవ్వకపోతే కీడని బెదిరించినా పైన చెప్పిన ఏ నియమానికీ అతను లోబడి లేడు. బౌద్ధ చీవరం కట్టుకుని సాయంత్రం భోజనానికి వచ్చినా, నోట్లు అందుకున్నా అంతే. అనుమానం ఉంటే డబ్బు ఇవ్వకండి, ఇంట్లో వండినది పెట్టండి. వ్రతంలో ఉన్నవాడు తన నియమానికి సరిపోతే దాన్ని తీసుకుంటాడు, సరిపోకపోతే మాట అనకుండా వెళ్తాడు. వ్రతంలో లేనివాడైనా ఆకలితో ఉంటే తింటాడు, అన్నం అతనికీ పెట్టవలసిందే.